కాన్‌స్టాంటైన్ పదమూడేళ్ల పిల్లకి చూపించొచ్చా?

నీలిగొడుగు
మా అమ్మాయికి పదమూడు, అబ్బాయికి పదకొండు. కేపాప్ డీమన్ హంటర్స్ చూసిన దగ్గర్నుంచి ఇద్దరికీ దెయ్యాల వేట సినిమాల పిచ్చి పట్టుకుంది. ఇప్పుడు అమ్మాయికి క్లాసులో ఎవరో కీనూ రీవ్స్ కాన్‌స్టాంటైన్ గురించి చెప్పారట. ‘అదీ దెయ్యాలను వేటాడే సినిమానే కదా, దానికి ఒప్పుకున్నదానివి దీనికెందుకు ఒప్పుకోవు’ అని రోజూ గొడవ. నేను ఆ సినిమా చూడలేదు. ట్రైలర్ కూడా సగంలో ఆపేశాను. అమెరికాలో ఆర్ రేటింగ్, బ్రిటన్‌లో 15 అని ఉంది. మా ఆయనేమో పక్కన కూర్చుని చూపిస్తే అయిపోయేదానికి ఇంత రచ్చ ఎందుకంటాడు. చూసినవాళ్లు చెప్పండి. నెత్తురు ఎక్కువా? బూతులున్నాయా? రాత్రిళ్లు నిద్ర పడుతుందా?

చివరివరస
నెత్తురు తక్కువ. బూతులు తక్కువ. బట్టలు విప్పే సీన్లు లేవు. నిద్ర సంగతి పిల్లని బట్టి.

అసలు 2005లో దాన్ని పీజీ-13 కోసమే తీశారు, అంటే పదమూడేళ్ల లోపు పిల్లలకి తగకపోవచ్చు అని తల్లిదండ్రులని హెచ్చరించే రేటింగ్. ఆ రేటింగ్‌కి ఏమేం ఉండకూడదో అన్నీ చూసుకునే తీశానని దర్శకుడు ఫ్రాన్సిస్ లారెన్స్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. అయినా ఆర్ వచ్చింది. కారణంగా హింస, దెయ్యాల దృశ్యాలు అని రాశారు. ఒక్క సీన్ కత్తిరిస్తే పోయే సమస్య కాదది. మొదటి నిమిషం నుంచి సినిమా మీద ఒక చీకటి కమ్ముకుని ఉంటుంది, దానికి పడింది ఆ ఆర్.

గుడ్లగూబ_77
ఆర్ అంటే ఆర్. పిల్లకి పదమూడు. ఇంకేం చర్చ ఇందులో?

రంగులరాట్నం
గుడ్లగూబ గారూ, ఆర్ అంటే నిషేధం కాదండీ. పదిహేడేళ్ల లోపు పిల్లలు పెద్దవాళ్లతో కలిసి రావాలి అని మాత్రమే. అమెరికాలో పిల్లల్ని అసలు రానివ్వనిది ఎన్‌సీ-17. బ్రిటన్‌లో 15 అంటే మాత్రం గట్టిది. పద్నాలుగేళ్లవాణ్ణి నాన్న స్వయంగా వెంటబెట్టుకెళ్లినా థియేటర్‌లోకి రానివ్వరు. ఇండియాలో ఇప్పుడు యూఏలోనే 7+, 13+, 16+ అని మూడు మెట్లు పెట్టారు, 2023 చట్ట సవరణతో. అవి తల్లిదండ్రులకి సూచనలే. ‘ఏ’ సర్టిఫికెట్ ఒక్కటే పెద్దలకి మాత్రం.

అంటే ఒకే సినిమాకి ఒక దేశంలో ‘మీరు పక్కనుంటే సరే’, ఇంకో దేశంలో ‘మీరున్నా కుదరదు’. ఇంట్లో సోఫా మీద కూర్చున్నప్పుడు నిర్ణయం ఎలాగూ మనదే.

సుత్తివీరుడు
మా చిన్నప్పుడు రేటింగ్ ఒక్కటే ఉండేది. నాన్న ఇంట్లో ఉన్నారా, లేరా.

అర్ధరాత్రి_ఆట
దెయ్యాల వేట అనే మాట పట్టుకుని ఏ సినిమా గురించీ ఏమీ చెప్పలేం. హెల్‌బాయ్ చూడండి. 2004లో వచ్చినదానికి పీజీ-13, 2019లో వచ్చినదానికి ఆర్. హీరో ఒకడే, అవే కోసేసిన కొమ్ములు, అదే రాతి చెయ్యి. కానీ 2019 దాంట్లో మనుషుల్ని నిలువునా చీల్చేస్తుంటారు, నేనే తల తిప్పుకున్నాను. జపాన్ యానిమేషన్ సినిమా డీమన్ స్లేయర్ ముగెన్ ట్రెయిన్‌కి జపాన్‌లో పీజీ12, అమెరికాలో ఆర్. జపాన్‌లో ఆరో తరగతి పిల్లలు గుంపులుగా వెళ్లి చూశారు.

నీలిగొడుగు గారూ, మీ పిల్లలు చూసిన కేపాప్‌ది పీజీ. అందులో కత్తి తగిలితే దెయ్యం రంగుల పొగై పోతుంది. కాన్‌స్టాంటైన్‌లో అలా ఉండదు. పురుగులు మనిషి రూపం కట్టి నడిచొస్తాయి. నరకంలో తిరిగే దెయ్యాలకి ముక్కు పైనుంచి తలే ఉండదు.

నీలిగొడుగు
తలే ఉండదా! ఇక మా అబ్బాయి లెక్కలోంచి ఔట్. వాడి సంగతి తేలిపోయింది. ఇక అమ్మాయి విషయమే.

పరీక్షలకాలం
నాకు పదహారు. పిల్లల గురించి పెద్దవాళ్లే మాట్లాడుకుంటున్నారు కాబట్టి నేనొకటి చెప్తాను. తల లేని దెయ్యాలు మాకేం చెయ్యవు ఆంటీ. మేం ఆడే గేముల్లో వాటి తాతలుంటాయి. అవి 2005 గ్రాఫిక్స్ అని చూడగానే తెలిసిపోతుంది, కొన్నిచోట్ల నవ్వు కూడా వస్తుంది. ఇంట్లో చూపించకపోతే ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చూస్తాం. ముందూ వెనకా తెలియకుండా ముక్కలు చూడటం ఇంకా చెత్త.

గుడ్లగూబ_77
‘మీరు ఇవ్వకపోతే దొంగతనంగా చూస్తాం’ అన్నది వాదన కాదు తల్లీ, బెదిరింపు.

పరీక్షలకాలం
బెదిరింపు కాదు అంకుల్, సమాచారం.

సుత్తివీరుడు
పిల్లకి మార్కులెయ్యండి ఎవరైనా.

కాగితప్పడవ
ఇంతమంది రాశారు గానీ నాకు ఆ సినిమాలో ముఖ్యమనిపించింది ఎవరూ ఎత్తలేదు. పురుగులూ తలలూ వదిలేయండి. ఆ కథ మొత్తం నిలబడింది ఆత్మహత్య మీద.

హీరోకి చిన్నప్పట్నుంచీ దెయ్యాలు కనిపిస్తాయి. ఎవరూ నమ్మరు. తట్టుకోలేక టీనేజ్‌లో ప్రాణం తీసుకుంటాడు, రెండు నిమిషాలు చనిపోయి తిరిగొస్తాడు. ఆ ఒక్క పనికి నరకం ఖాయమైపోయింది, అందుకే దెయ్యాల్ని వేటాడి ఆ శిక్ష మాఫీ చేయించుకుందామని చూస్తుంటాడు. కథ నడిచేదే ఇసబెల్ అనే అమ్మాయి మానసిక ఆసుపత్రి పైకప్పు మీంచి దూకడం చుట్టూ. ఆమె కవల సోదరి పోలీసు. చెల్లి అలా చేసుకోదు, చేసుకుంటే నరకానికి పోతుంది అని ఆమె బాధ. హీరో వెళ్లి చూస్తే ఆ అమ్మాయి నిజంగానే నరకంలో ఉంటుంది.

మా ఇంట్లో ఒకరిని అలా పోగొట్టుకున్నాం. మా అన్నయ్య కొడుక్కి అప్పుడు పద్నాలుగు. ఈ సినిమా టీవీలో వస్తుంటే అందరం మామూలుగా కూర్చున్నాం, వాడు మధ్యలో లేచి వెళ్లిపోయాడు. భయపడ్డాడేమో అనుకున్నాం. మర్నాడు నన్ను పక్కకి పిలిచి ‘మావయ్య కూడా అక్కడే ఉన్నాడా’ అని అడిగాడు.

వాడికి దెయ్యాలంటే భయం లేదు, ఎప్పుడూ లేదు. రేటింగ్ కింద రాసిన రెండు ముక్కల్లో ఈ సంగతి ఎక్కడుంది? హింస, దెయ్యాల దృశ్యాలు, అంతే.

నీలిగొడుగు
ఇది నేను అడగాలని కూడా తట్టలేదండీ. చెప్పినందుకు చాలా థాంక్స్.

చివరివరస
కాగితప్పడవ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ సినిమా పక్షాన ఒక మాట చెప్పాలి. చివర్లో సైతాను ఎదురుగా నిలబడి ఏం కావాలో కోరుకోమంటే, హీరో తన కోసం అడగడు. ఇసబెల్‌ని వదిలెయ్యమంటాడు. ఆ అమ్మాయి స్వర్గానికి వెళ్తుంది. అంటే ఆ తీర్పు మారదు అని సినిమా అనట్లేదు. మీ అబ్బాయి చివరిదాకా కూర్చుని ఉంటే వేరేగా ఉండేదేమో.

కాగితప్పడవ
కూర్చోలేదుగా. పిల్లలు మనం అనుకున్న చోట లేవరు, వాళ్లు లేవాల్సిన చోట లేస్తారు. అదీకాక ఆ చివరి సీన్‌కి ముందేం జరుగుతుందో మీరు చెప్పలేదు. సైతానుని పిలిపించడానికి హీరో కావాలనే మళ్లీ తన ప్రాణం తీసుకోబోతాడు. అదే కథలో గెలుపు ఎత్తుగడ! పైగా దాని వల్ల అన్నీ బాగుపడతాయి. పెద్దవాళ్లకి ‘అబ్బ, ఏం ప్లాన్ వేశాడు’ అనిపిస్తుంది. నిజంగానే తెలివైన సీన్, కాదనను. దిగులులో ఉన్న పిల్లకి ఎలా వినబడుతుంది అది?

మూడోబెల్లు
హైస్కూల్ పిల్లలకి కౌన్సెలింగ్ చేస్తుంటాను. ఈ ఆఖరి రెండు పోస్టుల మధ్య ఉన్న తేడాయే మేం రోజూ మాట్లాడుకునేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సినిమా, నాటకాల వాళ్ల కోసమే ఆత్మహత్యల చిత్రణ మీద ఒక చిన్న పుస్తకం వేసింది. అందులో చెప్పేవాటిలో ముఖ్యమైనవి: ఎలా చేసుకున్నారో చూపించొద్దు, ఒకే కారణానికి ముడిపెట్టి తేల్చెయ్యొద్దు, సాయం అడిగి నిలదొక్కుకున్నవాళ్లని చూపించండి. ఆ లెక్కన ఈ సినిమా మొదటిదాంట్లోనే తప్పింది. మూడోదాంట్లో సగం మార్కులిస్తాను, ఎందుకంటే పోలీసావిడ చివరిదాకా హీరోని వదలదు.

అయితే ‘ఆ మాట ఎత్తితే పిల్లలకి ఆలోచన వస్తుంది’ అని భయపడి మాట్లాడకుండా ఉండటం కూడా సరి కాదు. నేరుగా అడిగినంత మాత్రాన ఆలోచన పుట్టదు. ఏ బాధా లేని పదిహేను, పదహారేళ్ల పిల్లలు ఇది చూసి ‘సార్, దేవుడు అంత కఠినంగా ఉంటాడా’ అని వాదించుకోవడం చూశాను, మంచి వాదన అది. ఈమధ్య ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్లు, నిద్ర తిండి తగ్గి ముభావంగా ఉంటున్నవాళ్లు, ఇంతకుముందు తమకి తాము హాని చేసుకున్నవాళ్లు అయితే మాత్రం వయసు ఇరవై అయినా నేను చూపించను. పిల్ల ఎన్నేళ్లదని అడిగేముందు ఈ నెల ఎలా ఉందని అడగాలి.

గుడ్లగూబ_77
ఇప్పుడు ఒప్పుకుంటారా ఆర్ అంటే ఆర్ అని?

రంగులరాట్నం
లేదు. ఎందుకంటే పీజీ అని మనం కళ్లు మూసుకుని చూపించిన కేపాప్ డీమన్ హంటర్స్‌లోనూ ఇదే ఉంది. అందులో హీరోయిన్ రూమీ సగం దెయ్యం, ఒంటి మీద ఆ గుర్తులు దాచుకుంటూ పెరుగుతుంది. అవి బయటపడ్డాక పెంచిన సెలీన్ దగ్గరికి వెళ్లి కత్తి చేతికిచ్చి తనని చంపెయ్యమంటుంది. మా పాప అక్కడ ఏడ్చింది. నేను ఫోన్ చూసుకుంటున్నాను, పీజీ కదా అని. మీ అక్షరం అక్కడ ఏం కాపాడింది?

ముగెన్ ట్రెయిన్ కూడా అంతే. పిల్లాడు కలలోంచి బయటపడాలంటే కలలో తనని తాను చంపుకోవాలి. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. ఈ తరహా కథలన్నిట్లో వేటగాడికి తన ప్రాణం అంటేనే లెక్క ఉండదు. దాన్నే ధైర్యం అంటారు.

అర్ధరాత్రి_ఆట
ఇది నిజమే. ఇన్నేళ్లుగా ఈ సినిమాలు చూస్తూ నేనిలా ఆలోచించలేదు. కానీ కేపాప్‌లో సెలీన్ ఒప్పుకోదు. అదీ చెప్పాలి. చివరికి ఆ పిల్ల గుర్తులు దాచకుండానే పాడుతుంది. దాచుకున్నదే అసలు దెయ్యం అన్నట్టు ముగుస్తుంది. పీజీ అందుకే సరిపోయిందేమో.

సుత్తివీరుడు
సిగరెట్ల గురించి ఎవరూ అనరేంటి? ఆ సినిమాలో దెయ్యాల కంటే పొగే ఎక్కువ. హీరో నిప్పు లేకుండా తెర మీదకి రాడు.

మూడోబెల్లు
సరదాగా అన్నారు గానీ అదీ లెక్కలోకొచ్చేదే. సినిమాల్లో పొగ తాగడం చూడటం వల్ల పిల్లలు మొదలుపెడతారని 2012లో అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి) నివేదిక ఖాయంగా తేల్చింది. అలాంటి సినిమాలకి వయసు రేటింగ్ పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అడుగుతోంది.

చివరివరస
ఇక్కడ మాత్రం సినిమాని తిట్టడం అన్యాయం. పదిహేనేళ్ల వయసు నుంచి రోజుకి ముప్ఫై సిగరెట్లు తాగి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చావబోతున్న మనిషి వాడు. నెత్తురు కక్కుతుంటాడు. అందులో వాణ్ణి నిజంగా చంపుతున్నది దెయ్యం కాదు, సిగరెట్టు. చివరికి జేబులోంచి చూయింగ్ గమ్ తీస్తాడు. ఇంతకంటే గట్టి పొగాకు వ్యతిరేక ప్రకటన ఏ హెచ్చరిక బోర్డూ ఇవ్వలేదు.

పరీక్షలకాలం
కానీ ఆ క్యాన్సర్‌ని సైతాను చేత్తో తీసి పారేస్తాడు అంకుల్. అంటే తాగినా ఎవరో ఒకరు వచ్చి తీసేస్తారన్నమాట. మా క్లాసులో అబ్బాయిలకి గుర్తుండేది గమ్ కాదు, కీనూ రీవ్స్ లైటర్ మూత తీసే స్టైల్.

సుత్తివీరుడు
ఈ పిల్లని మోడరేటర్ చెయ్యండి.

నీలిగొడుగు
నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక నేనూ మా ఆయనా చూశాం. పక్కన కూర్చుంటే చాలన్నవాడు పురుగుల మనిషి వచ్చినప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు. అది అలా ఉంచండి.

మీరెవరూ చెప్పనిది ఒకటి నాకు అడ్డం పడింది. స్నానాల తొట్టి సీన్. అవతలి లోకం చూడాలంటే ఆ పోలీసావిడ నీళ్లలో మునిగి ఊపిరాడని స్థితికి వెళ్లాలి, హీరో పట్టుకుని ఉంచుతాడు. ఆమె తనే ఒప్పుకుంటుంది. నరకం నాకేం అనిపించలేదు, ఊళ్లు కాలుతున్నట్టు ఉంది, అంతే. ఇది మాత్రం ఇంట్లో ఉన్న వస్తువు. చేసి చూద్దామా అనిపించే పని. తర్వాత వెతికితే బ్రిటన్‌లో సినిమాలకి రేటింగ్ ఇచ్చే బోర్డు మార్గదర్శకాల్లో పిల్లలు అనుకరించే ప్రమాదకరమైన పనుల గురించి విడిగానే ఉంది. నేను ఇన్నాళ్లూ నెత్తురు, బూతులు, ముద్దులు ఇవే లెక్కపెడుతూ వచ్చాను.

సినిమా మాత్రం బాగుంది. గాబ్రియేల్‌గా వేసిన టిల్డా స్వింటన్ కళ్లముందే ఉండిపోయింది.

గుడ్లగూబ_77
గాబ్రియేల్ సంగతి మీరే ఎత్తారు కాబట్టి. దేవదూతని దుర్మార్గుణ్ణి చేశారు. బాధపడితే తప్ప మనుషులు బాగుపడరని సైతాను కొడుకుని లోకం మీదకి వదలాలని చూస్తాడు. నమ్మకం ఇంకా గట్టిపడని వయసులో ఇది చూపిస్తే పిల్లలకి ఏది మంచో ఏది చెడో తెలియకుండా పోదా? నాకు నెత్తురు కంటే ఇదే ఎక్కువ అభ్యంతరం.

మూడోబెల్లు
గుడ్లగూబ గారు చెప్పినదాన్ని కొట్టిపారేయను. నమ్మకం ఉన్న ఇంట్లో అది పెద్ద విషయమే. కాకపోతే మంచివాడి వేషంలో ఉన్నవాడు కూడా హాని చెయ్యొచ్చన్నది పదమూడేళ్ల పిల్లకి తెలియాల్సిన సంగతే అనుకుంటాను. దెయ్యం మొహం దెయ్యంలాగే ఉంటే బతుకు తేలిక.

గుడ్లగూబ_77
తెలియాలి. దానికి దేవదూతే దొరికాడా?

అర్ధరాత్రి_ఆట
నీలిగొడుగు గారూ, ఏం తేల్చుకున్నారు మరి?

నీలిగొడుగు
ఇప్పుడు కాదు అని చెప్పాను. ఎందుకో కూడా చెప్పాను, ఆ తొట్టి సీనూ, ఇసబెల్ సంగతీ అన్నీ. ‘ఆర్ ఉంది కాబట్టి’ అంటే తను వాదించేది. కారణం చెప్తే కాసేపు ఊరుకుని, ‘అమ్మా, రూమీ కత్తి ఇచ్చినప్పుడు నేను కూడా అదే అనుకున్నా, సెలీన్ ఒప్పుకుంటే ఎలా అని’ అంది. అరగంట మాట్లాడుకున్నాం. నాకు తెలియని స్నేహితురాలి గొడవ ఒకటి బయటికొచ్చింది. అది ఇక్కడ రాయలేను. ఈ ఆదివారం 2004 హెల్‌బాయ్ పెట్టాలని ఒప్పందం కుదిరింది. అర్ధరాత్రి గారూ, అందులో ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి.

అర్ధరాత్రి_ఆట
నాజీ హంతకుడు ఒకడుంటాడు, ముసుగు తీస్తే మొహానికి పెదవులూ రెప్పలూ ఉండవు. ఆ ఒక్కచోట జాగ్రత్త. హెల్‌బాయ్‌ని పెంచిన ముసలాయన చనిపోతాడు, అక్కడ కళ్లు తడుస్తాయి. తాతయ్యలతో బాగా చనువున్న పిల్లలైతే ముందే చెప్పి ఉంచండి. మిగతాదంతా పిల్లి పిల్లల్ని కాపాడే ఎర్ర దెయ్యం.

రంగులరాట్నం
పగలు చూడండి, సౌండ్ కాస్త తగ్గించి. ఉలిక్కిపడేలా చేసేది సగం పైగా చప్పుడే, బొమ్మ కాదు. మా ఇంట్లో పెద్ద స్పీకర్లు ఆపేసి టీవీ సౌండ్‌తో పెడితే అదే సినిమా సగం భయం తగ్గింది.

పరీక్షలకాలం
సౌండ్ తగ్గిస్తే సినిమా ఎందుకు ఇంక 😑

కాగితప్పడవ
నీలిగొడుగు గారూ, ఆ స్నేహితురాలి విషయం తేలిగ్గా వదలకండి. వాళ్ల ఇంట్లో పెద్దవాళ్లకి తెలిసేలా చూడండి. మూడోబెల్లు గారు ఇక్కడే ఉన్నారు, కావాలంటే విడిగా మెసేజ్ పెట్టి అడగండి.

నీలిగొడుగు
పెట్టానండీ, పొద్దున్నే. వాళ్లమ్మతో రేపు మాట్లాడుతున్నాను.

చివరివరస
మంచి పని చేశారు. ఇంకొకటి, కాన్‌స్టాంటైన్ ఎప్పుడు చూపించినా పేర్లు పడుతుంటే టీవీ కట్టెయ్యకండి. అవి అయిపోయాక, హీరో శిష్యుడు చాస్ సమాధి దగ్గర ఒక సీన్ ఉంది. ఆ కుర్రాడు చనిపోయాడని బాధపడే పిల్లలకి అది చూపించాల్సిందే.

సుత్తివీరుడు
అది చూడకుండా ఇరవై ఏళ్లు వాడు పోయాడనే అనుకుంటున్నానే!